తమ్ముడి ఎడమవైపు

బస్టాండ్‌లో నా గొంతు తెలియనివాళ్ళు లేరు. నా ముఖం తెలిసినవాళ్ళే తక్కువ. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి ఏడుస్తోందో మైకులో చెప్పడం నా ఉద్యోగం. మేడమీద అద్దాల గది, అందులో ఒక కుర్చీ, ఒక మైకు, ఒక ఫ్యాను. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని దాన్ని వేయనివ్వరు. మరి పెట్టడం దేనికని అడిగితే, "గదన్నాక ఫ్యానుండాలి కదమ్మా" అన్నాడు కరెంటు పనివాడు. కండక్టర్లు నన్ను మైకమ్మ అంటారు. అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకి గుర్తుందేమో, నాకైతే అనుమానమే.

పగలంతా మాట్లాడుతూనే ఉంటాను, ఎవరితోనూ కాదు. ఇంటికొచ్చి తాళం తీసి లైటు వేశాక గొంతు విప్పాలనిపించదు. విప్పినా వినే దిక్కులేదు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి విసిగిపోయి మానేశారు. అడగడం మానేస్తే హాయిగా ఉంటుందనుకున్నాను గానీ, ఉండదు.

నాకున్నది ఒక్క తమ్ముడు. అదే డిపోలో బస్సు డ్రైవరు. ఆదివారం మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లో. నేను వెళ్ళేసరికి మరదలు కూర దించుతూ ఉంటుంది, మేనకోడలు మెట్లమీద ఎదురుచూస్తూ ఉంటుంది. "అత్తా, మైకులో చెప్పినట్టు చెప్పవా" అని పీకుతుంది. ముక్కు మూసుకుని, "ప్రయాణికులకు గమనిక, వంటింట్లో కూర సిద్ధంగా ఉన్నది" అంటే విరగబడి నవ్వుతుంది. వారమంతా నాకు ఎదురుగా నిలబడి నవ్వే మనిషి అదొక్కతే. ఆ ఇంట్లో ఆ పూట నాకొక కంచం ఉంటుందన్న ధైర్యంతోనే మిగతా రోజులు ఈదుకొచ్చేదాన్ని.

మా నాన్నకి కళ్ళు పోయినప్పుడు మేం చిన్నపిల్లలం. అంచుల నుంచి మెల్లగా చీకటి కమ్ముకొచ్చి చివరికి మొత్తం మూసుకుపోయింది. డాక్టరు దగ్గరికి ఎవరూ తీసుకెళ్ళలేదు. ఖర్మ అన్నారు. నాయనమ్మ అంది, మేనత్తలు అన్నారు, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట అని, టీ తాగి, వెళ్ళిపోయారు. కిందటి జన్మలో ఎవరి కళ్ళో పొడిచి ఉంటాడట. నాన్న అది నమ్మేశాడు. చీమకి కూడా హాని తలపెట్టని మనిషి, కిటికీ పక్కన కూర్చుని తను చేసిన పాపం ఏమిటో గుర్తు తెచ్చుకోవాలని చూస్తూ పోయాడు.

మొన్నామధ్య అక్షరాలు అలుక్కుపోతున్నాయని కళ్ళజోడు కోసం వెళ్ళాను. డాక్టరమ్మ గడ్డం ఒక మిషను మీద పెట్టించి, చాలాసేపు చూసి, మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా అని అడిగింది. నాన్న సంగతి చెప్పాను. అలవాటు కొద్దీ ఖర్మ సంగతి కూడా చెప్పాను.

"ఇది నీటికాసులమ్మా. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు గానీ ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. రోజూ చుక్కలు వేసుకోండి. అప్పుడప్పుడు వచ్చి చూపించుకోండి."

"అంతేనా?"

"మీకైతే అంతే. మొదట్లోనే వచ్చారు."

"మా నాన్న కూడా మొదట్లో వచ్చుంటే?"

ఆవిడ తల వంచి మందు పేరు రాస్తూ, "చాలావరకు నిలిచేది" అంది.

బయటికొచ్చి బల్లమీద కూర్చుంటే ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద? అందరూ పోయారు. పోయినవాళ్ళమీద కోపం అంత దండగమారి వ్యవహారం ఇంకోటి లేదు, పడేవాడుండడు, తగ్గేదీ ఉండదు. లోపలికి మళ్ళీ పిలిచి డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. తోడబుట్టినవాళ్ళుంటే తీసుకురమ్మంది, ఇది రక్తంలో వస్తుందట. చూపు పక్కల నుంచి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి, మనిషికి తెలియనే తెలియదు అంది. మా తమ్ముడు బస్సు డ్రైవరని అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను. వాడు పకపకా నవ్వాడు.

"కళ్ళజోడు కొనుక్కోమంటే కథలు కొనుక్కొచ్చావేంటక్కా?" అని, కళ్ళు రెండూ మూసుకుని, చార్టులో అట్టడుగు వరస గడగడా అప్పజెప్పేశాడు.

దీని సంగతి కాస్త చెప్పాలి. డిపోలో డ్రైవర్లకి ఏటా కంటిపరీక్ష చేస్తారు. గోడకున్న చార్టు నేను ఉద్యోగంలో చేరిననాటిది, ఇప్పటికీ అదే. పాతడ్రైవరు కొత్తడ్రైవరుకి మొదటిరోజు నేర్పేది గేర్లు కాదు, ఆ అట్టడుగు వరస. నాన్న నుంచి కొడుక్కి ఆస్తి వచ్చినట్టు వస్తోంది అది. మా మేనకోడలు తాడాట ఆడేటప్పుడు కూడా ఆ అక్షరాలే పాడుతుంది. ఇన్నేళ్ళలో మా డిపోలో చూపు సరిగా లేని డ్రైవరు ఒక్కడూ దొరకలేదు. ఎలా దొరుకుతాడు?

"నాకు చార్టు వంక చూడాల్సిన పని కూడా లేదు" అన్నాడు వాడు గొప్పగా.

"నా భయం కూడా అదేరా."

"పోవాలని రాసిపెట్టుంటే పోతాయక్కా, లేకపోతే పోవు. మధ్యలో డాక్టరెందుకు?"

"మరి బస్సుకి బ్రేకులెందుకు? ఆగాలని రాసిపెట్టుంటే ఆగుతుంది కదా."

మరదలు ఫక్కున నవ్వి, అంతలోనే నవ్వు మింగేసింది. మాట్లాడుతూనే తమ్ముడి ఎడమచేతి దగ్గరున్న నీళ్ళగ్లాసు తీసి కుడివైపు పెట్టింది. అప్పుడు చూశాను. కూరగిన్నె, ఉప్పు, చేతిరుమాలు, అన్నీ కుడివైపే ఉన్నాయి. ఎడమవైపు బల్ల ఖాళీ. ఆ ఇంట్లో అన్ని ఆదివారాలు తిన్నాను, ఎన్నడూ గమనించలేదు.

వంటింట్లోకి వెళ్ళి అడిగితే మరదలు గిన్నెలు తోమడం ఆపలేదు.

"ఎప్పట్నుంచమ్మా?"

"గ్లాసులు పడేస్తున్నారని జరిపాను వదినా. అంతే. మీరు ఏవేవో ఊహించుకోకండి."

"వాడు తోలేది తోపుడుబండి కాదు."

"జాగ్రత్తగానే తోలుతున్నారు. స్టీరింగు తీసేస్తే ఆయన మనిషి కాకుండా పోతారు, మీకు తెలీదూ? మన చేతుల్లో ఏముంది వదినా. మీరు ఊరుకోండి, మీకు దణ్ణం పెడతాను."

ఊరుకున్నాను.  ఆదివారం కంచం సంగతి ఉంది. వాడికి కోపం వస్తే నేనెక్కడికి పోతాను?

తరవాత ఒకరోజు ఉదయం, ప్లాట్‌ఫారాలు ఊడ్చే ఆవిడ నా అద్దాల కిందే వంగి ఊడుస్తోంది. తమ్ముడి బస్సు లోపలికి తిరిగింది. ఎడమవైపుకి వస్తోంది, ఇంకా ఎడమకి వస్తోంది. నేను మైకు నొక్కి "పక్కకి, పక్కకి" అని అరిచాను. ఆవిడ చీపురు వదిలేసి వెనక్కి పడింది. బస్సు చీపురుమీదుగా వెళ్ళి తన చోట నిలబడింది.

జనం పోగయ్యారు. "భూమ్మీద ఇంకా నూకలున్నాయి తల్లీ నీకు" అన్నారు. "ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో" అన్నారు. తమ్ముడు తాపీగా దిగి, బస్సు చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. నేలమీద కూర్చుని వణుకుతున్న ఆవిణ్ణి చూశాడు. చక్రం కింద నలిగినదాన్ని చూశాడు.

"ఇదెవరిది, చీపురు?" అన్నాడు.

వాడు నటించడం లేదు. వాడికి నటించడం రాదు, చిన్నప్పుడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. వాడు నిజంగానే ఆవిణ్ణి చూడలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో పట్టుకున్నాను. కుడివైపు కూర్చున్నాను, కావాలనే.

"డాక్టరు దగ్గరికి రేపు వెళ్దాం. నేను సెలవు పెడతాను."

"ఆవిడకేం కాలేదు కదక్కా."

"ఈసారి కాలేదు."

"అయ్యేదుంటే నేను స్టీరింగు మీద లేకపోయినా అవుతుంది. ఎవరి ఖర్మ వాళ్ళది. నీ కళ్ళ సంగతి నువ్వు చూసుకో, నా కళ్ళ సంగతి నాకొదిలెయ్." లేస్తూ లేస్తూ మెత్తగానే అన్నాడు, "ఆదివారం రా. పాప నీకోసం ఏదో బొమ్మ వేసింది."

నేను డిపో మేనేజరు గదికి వెళ్ళాను. వెళ్ళేముందు చేతులు కడుక్కున్నాను, ఎందుకో తెలియదు. మేనేజరు మంచివాడే, ఎవరికీ ఏ అపకారమూ చేయడు, ఉపకారమూ చేయడు. అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏటా చార్టు చదువుతున్నాడు కదమ్మా."

"నేను కూడా చదువుతాను, ఇక్కడ కూర్చుని. వింటారా?" అని అప్పజెప్పాను. ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆయనా ఒకప్పుడు డ్రైవరే.

"సొంత తమ్ముడు. ఆలోచించుకున్నారా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందంటారు మిమ్మల్ని. అయినా యాక్సిడెంట్లనేవి ఎవరి చేతుల్లోనూ ఉండవమ్మా."

"నా చేతిలో మైకుంది సార్. రేపు వాడి బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాగానే చెబుతాను. ఈ బస్సు డ్రైవరుకి ఎడమవైపు కనిపించదు, ఎక్కేవాళ్ళు ఆలోచించుకుని ఎక్కండి అని చెబుతాను. తరవాత నన్ను తీసేస్తారో ఉంచుతారో మీ ఇష్టం."

ఆయన నన్ను మొట్టమొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. మర్నాడు తమ్ముణ్ణి పెద్దాసుపత్రికి పంపారు, చార్టు కాకుండా మిషను మీద పరీక్షకి. ఎడమకన్ను పక్కచూపు దాదాపు పోయింది. కుడికంట్లో జబ్బు ఇంకా మొదట్లోనే ఉంది, మందు వాడితే చూపు నిలుస్తుందన్నారు. బస్సు దింపేసి టైర్ల స్టోరులో వేశారు.

ఎవరు చెప్పారని వాడు అడిగితే, పైనుంచి ఆర్డరొచ్చిందన్నాడట మేనేజరు. మా తమ్ముడు ఆ 'పైనుంచి' అన్న మాటని ఇంకా పైకి తీసుకెళ్ళాడు. నాన్నకి రాసిందే నాకూ రాశాడు దేవుడు అని కనబడ్డవాళ్ళందరితో అన్నాడు. నా గదిలోంచి చూస్తే స్టోరు గుమ్మం కనిపిస్తుంది. వాడు టైర్ల మధ్య స్టూలు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. బస్సు లోపలికొచ్చినప్పుడల్లా తలెత్తి, మళ్ళీ దించుకునేవాడు. వాడి చుక్కల మందు వాడికి నిలబెట్టేది సగం చూపు, నేను తీసేసింది వాడి బస్సు. రెండూ నిజమే. రెండో నిజమే నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

ఆదివారానికి రమ్మని కబురు రాలేదు. నేను వెళ్ళలేదు. రొట్టె కొనుక్కొచ్చి, గదిలో గోడకి ఎదురుగా కూర్చుని తిన్నాను. పక్కవాటాలో ఎవరో పిల్లాణ్ణి తిడుతుంటే చెవొగ్గి విన్నాను, కనీసం ఒకళ్ళని ఒకళ్ళు తిట్టుకుంటున్నారు కదా అని. ఒక సాయంత్రం కూరగాయలవాడు "మీ గొంతు ఎక్కడో విన్నానమ్మా" అంటే, అక్కడే నిలబడి అక్కర్లేని వంకాయలు కూడా తూకం వేయించుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూస్తే అదీ రాలేదు.

అలా కొన్నాళ్ళు గడిచాక మరదలు నా గదికొచ్చింది. మంచం అంచున కూర్చుంది. టీ ఇస్తే తాగలేదు.

"మీరేనని నాకు తెలుసు వదినా."

"వాడికి?"

"అనుమానం ఉంది. తెలుసుకోవాలని లేదు." "ఖర్మ అనుకుని ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నారు. నిన్న పాపతో నవ్వారు కూడా. ఆదివారం రండి. ఆయన ఆ మాటెత్తుతారు. మీరు అవున్రా, మన ఖర్మ అనండి. అంతే, ఒక్క మాట. మనందరం ఎప్పట్లా ఉండొచ్చు."

ఎంత చవక బేరం! ఆమె నన్ను అబద్ధమాడమనలేదు, ఒక్కసారి తలూపమంది. అంటానని చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. చేయాల్సింది చేసేశాను, తమ్ముడు బస్సు దిగాడు, ఊడ్చే ఆవిడ బతికింది, ఇంకా ఎవరికేం నిరూపించాలి? నాక్కూడా అన్నం కావాలి, నాతో మాట్లాడే మనుషులు కావాలి.

ఆదివారం వెళ్ళాను. మేనకోడలు పరుగెత్తుకొచ్చి నడుం చుట్టుకుంది. కంచం నా చోటే ఉంది. మరదలు నాకిష్టమైన కూరే చేసింది. తమ్ముడు చిక్కిపోయాడు, చేతిగోళ్ళ చుట్టూ నలుపు దిగిపోయింది. కాసేపు డిపో కబుర్లు చెప్పుకున్నాం. స్టోరులో ఎలకల మీద వాడేదో జోకు వేస్తే అందరం నవ్వాం, ఉన్నదానికంటే ఎక్కువే నవ్వాం.

తరవాత వాడు కంచంలోకి చూస్తూ అన్నాడు.

"ఏం చేస్తామక్కా. ఖర్మ. తప్పించుకోగలమా?"

మరదలు నావైపు చూసింది. నోరు తెరిచాను. నాలుక చివర ఉంది ఆ మాట.

"అత్తా" అంది మేనకోడలు, కూర కలుపుకుంటూ, బడి ఎప్పుడు తెరుస్తారని అడిగినట్టే అడిగింది. "తాతకొచ్చింది, నాన్నకొచ్చింది. నాకెప్పుడొస్తుంది ఖర్మ?"

"నోర్మూసుకుని తిను" అంది మరదలు.

తమ్ముడు ఆ పిల్లకి జవాబు చెబుతాడేమోనని చూశాను. వాడు తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూస్తే నాకు పట్టరాని కోపం వచ్చింది, ఈసారి అది పడాల్సిన మనుషులు ఎదురుగానే ఉన్నారు.

"నీకే ఖర్మా రాదే" అన్నాను. "మీ నాన్నకొచ్చింది జబ్బు. దానికి మందుంది, నేనూ వేసుకుంటున్నాను. ఒరే, ఇటు చూడు. నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనిది మనుషులు. చార్టు బట్టీపట్టింది నువ్వు. నిన్ను బస్సు దింపింది నేను. మేనేజరు దగ్గరికెళ్ళి చెప్పింది నేనే. ఇందులో ఖర్మ చేసిన పని ఒక్కటి చూపించు. రేపు ఈ పిల్ల కళ్ళు డాక్టరుకి చూపించకపోతే, అది మీ ఇద్దరూ చేసిన పని అవుతుంది."

మరదలు కళ్ళు మూసుకుంది. తమ్ముడు అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది. వాడు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నాకు తెలుసక్కా" అన్నాడు. "నువ్వేనని తెలుసు."

"మరి..."

"ఖర్మ అనుకుంటే ఎలాగోలా ముద్ద దిగుతోంది. నువ్వు చేశావనుకుంటే దిగదు. రోజూ ఖర్మనే తిట్టుకుంటున్నా. దాన్ని ఎంత తిట్టినా తప్పులేదు." వాడి చెవులు ఎర్రబడలేదు. "ఇప్పుడు నిన్ను తిట్టుకోవాలి. నాకున్నది నువ్వొక్కదానివే అక్కా, నిన్ను తిట్టుకోవడం నాకు చేతకాదు. ఎదురుగా కూర్చుంటే అస్సలు చేతకాదు. నువ్విక రాకు."

వాడు చెప్పింది న్యాయమే అనిపించింది. చేసినదానికి నన్ను జవాబుదారీ చేసింది నేనే, ఇప్పుడు వాడు చేసింది కూడా అదే. చెయ్యి కడుక్కున్నాను. మేనకోడలు తల నిమరబోయి, నిమిరితే అక్కడే కూలబడతానని మానేశాను.

మెట్లు సగం దిగాక వెనకనించి తలుపు చప్పుడైంది. మరదలు పైమెట్టు మీద నిలబడి ఉంది. వదినా అనలేదు.

"ఆ డాక్టరమ్మ ఎక్కడ ఉంటుంది?"

చెప్పాను. పెద్ద మందుల షాపు పక్క సందులో, పచ్చగేటు. పొద్దున్నే వెళితే రద్దీ ఉండదు, పిల్లని ఖాళీకడుపుతో తీసుకెళ్ళక్కర్లేదు, కంట్లో చుక్కలు వేస్తే కాసేపు మసకగా ఉంటుంది, భయపడొద్దని ముందే చెప్పు అన్నాను. ఇంకా ఏమేమో చెప్పాను, ఆమె వింటున్నంతసేపూ చెబుతూనే ఉన్నాను. కళ్ళజోడుంటే పెట్టుకురమ్మని కూడా చెప్పాను, ఆ పిల్లకి కళ్ళజోడే లేదు.

"సరే" అంది మరదలు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.